కాంటా గదిలో రెండో కార్డు

నేను అనుమానపు మనిషిని. దాన్ని దాచుకోవాల్సిన అవసరం నాకెప్పుడూ కనబడలేదు. చిన్నప్పుడు పాలాయన పాలు కొలుస్తుంటే నేను చెంబు వంక చూసేదాన్ని కాదు, కొలగ్లాసులో మునిగిన ఆయన బొటనవేలి వంక చూసేదాన్ని. "అనుమానం పెనుభూతం" అని మా అమ్మ పొద్దున లేస్తే అనేది. ఉంటే ఉండనీ, ఆ భూతం కాపలా ఉన్న ఇంటికి దొంగలు రారు అనేదాన్ని.

ఎనభైల చివర్లో ఆ గుణాన్ని వెంటబెట్టుకొనే తాండూరులో ఉద్యోగానికి చేరాను. మా ఇల్లు వికారాబాద్‌లో. పొద్దున పాసింజరు ఎక్కి, చేతిసంచి ఒళ్లో పెట్టుకొని, దాని మీద రెండు చేతులూ వేసుకొని కూర్చునేదాన్ని. ధారూరు దాటాక పెట్టె కొంచెం ఖాళీ అయ్యేది, నా చేతులు మాత్రం కదిలేవి కావు. తాండూరులో దిగి, నాపరాళ్ల దొంతరలు దాటుకుంటూ నడిచి, ఫ్యాక్టరీ జీపు ఎక్కాలి. ఊరి బయట ఉన్న చిన్న సిమెంటు ఫ్యాక్టరీ అది. బీకాం తర్వాత హైదరాబాదులో కంప్యూటరు కోర్సు చేశానని నన్ను ఆపరేటరుగా తీసుకున్నారు.

ఆ కంప్యూటరు గేటు పక్కన కాంటా గదిలో ఉండేది. కాంటా అంటే లారీలను తూచేది. లారీ ఖాళీగా వచ్చినప్పుడు ఒకసారి, సిమెంటు నింపుకొని పోయేటప్పుడు ఒకసారి ఇనుప పలక మీదికి ఎక్కుతుంది. బరువు ముందు ఒక చిన్న డబ్బా మీద ఎర్ర అంకెల్లో కనబడుతుంది. అక్కడి నుంచి తీగ వెంట నా కంప్యూటరులోకి వస్తుంది. నేను మీట నొక్కితే స్లిప్పు అచ్చయి బయటికి వస్తుంది. అంత గొప్ప యంత్రమని చెప్పులు గుమ్మం బయటే విప్పించేవారు. దసరాకు దానికి కుంకుమ పెట్టి కొబ్బరికాయ కూడా కొట్టాం. నీళ్లు మీద పడకుండా కాయ కొట్టింది మాత్రం గేటు దగ్గర.

ఎర్ర అంకెల డబ్బా దగ్గర కూర్చునేది చాచా. ఫ్యాక్టరీ పుట్టినప్పటి నుంచి కాంటా ఆయనదే. కంప్యూటరు రాకముందు ఇనుప దూలం మీద గుండు జరుపుతూ తూచేవాడట. బషీరాబాద్ వైపు మనిషి, ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు, సరిహద్దు అవతలి నుంచి వచ్చే డ్రైవర్లతో కన్నడం. మొదటి వారం ఆయన్ని కూడా బాగానే అనుమానించాను. లారీ ఎక్కగానే పలక చుట్టూ తిరిగి వచ్చేవాడు. ఎందుకు తిరుగుతున్నాడా అని కిటికీలోంచి చూసేదాన్ని. డ్రైవరు దిగాడా, క్లీనరు ఇంకా పైనే కూర్చున్నాడా, టైరు పలక అంచు దాటిందా అని చూసుకునేవాడు. నాకన్నా అనుమానపు మనిషి అని తేలాక మాకు స్నేహం కుదిరింది. నా జొన్నరొట్టె ఆయనకు, ఆయన కిచిడీ ఖట్టా నాకు. "బిడ్డా, తూకం మీద కూసున్నోడు సొంత అన్నను గూడ నమ్మొద్దు" అనేవాడు.

ఆ దసరా పోయిన కొన్నాళ్లకు కంప్యూటరు మొండికేయడం మొదలుపెట్టింది. లారీ పలక మీద ఉంటుంది, డబ్బాలో ఎర్ర అంకెలు వెలుగుతుంటాయి, నా తెర మీద మాత్రం బరువు రాదు. ఏ మీట నొక్కినా ఉలకదు పలకదు. ఆపి మళ్లీ వేస్తే కాసేపు బుద్ధిగా పనిచేసి, తర్వాత ఏదో ఒక లారీకి మళ్లీ బిగుసుకుపోయేది. ఆగినప్పుడల్లా చాచా ఎర్ర అంకెలు చూసి స్లిప్పు చేత్తో రాసి ఇచ్చేవాడు. లారీని ఆపి ఉంచితే వెనక వరస గేటు దాటుతుంది మరి.

మొదట సిమెంటు దుమ్మును అనుమానించాను. గుడ్డతో తుడిచి తుడిచి చేతులు పగిలాయి. తర్వాత కరెంటును. ఆ తర్వాత ఎలుకను. దసరా కుంకుమ సందుల్లోంచి లోపలికి పోయిందేమోనని కూడా అనుకున్నాను, కాని ఆ మాట పైకి అంటే దేవుడి మీద నేరం మోపినట్టు ఉంటుందని ఊరుకున్నాను.

మా యజమాని మాత్రం నేరుగా మనిషినే అనుమానించాడు. అందరూ ఆయన్ని పెద్ద సారు అనేవారు. కొడంగల్ వైపు పటేళ్ల కుటుంబం, భూములమ్మి ఫ్యాక్టరీ పెట్టాడు. చేత్తో రాసిన ప్రతి స్లిప్పూ ఆయనకు పంటి కింద రాయే. కంప్యూటరు ఆగిన లారీలోనే ఎక్కువ బస్తాలు బయటికి పోతున్నాయని ఆయన లెక్క. ఒకరోజు నన్ను తన గదికి పిలిచి తలుపు దగ్గరికి వేయించాడు.

"అమ్మా, మిషన్ ఊకె ఆగదు. ఎవడో ఆపుతుండు. గా చాచా మీద జర నజర్ పెట్టు."

"చాచా కంప్యూటరును ముట్టుకోడు సార్" అన్నాను.

"ముట్టుకోకుండనే ఆపేటోడే అసలు దొంగ. ఇంకొక్కపారి జూస్త. అయితే మిషన్ తప్పన్న తేలాలె, లేకుంటే మనిషి తప్పన్న తేలాలె. మనిషిదైతే ఆయన ఇంటికి పోవుడే."

చాచాకు అది ఉద్యోగం పోవడంతో తీరేది కాదు. తూకంలో మచ్చ పడ్డవాడికి తాండూరులో ఇంకో కాంటా దొరకదు. పప్పు మిల్లులు, రాళ్ల డిపోలు, అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే. ఆయనకు తూచడం తప్ప ఇంకో పని రాదు. ఆ సంగతి పెద్ద సారుకూ తెలుసు, అందుకే ఆ మాట అంత తాపీగా అన్నాడు. నాకు ఒళ్లు మండింది. మండినా, తిరిగి వచ్చి కూర్చున్నాక నా కళ్లు చాచా చేతుల మీదికే పోయాయి. అనుమానం ఒకసారి చెవిలో పడితే కళ్లు మన మాట వినవు.

హైదరాబాదు నుంచి ఇంజినీరు వచ్చాడు. కంప్యూటరు అమ్మిన దుకాణం మనిషి, సన్నగా, మర్యాదగా ఉంటాడు. వచ్చీ రాగానే మమ్మల్నిద్దర్నీ బయటికి పొమ్మన్నాడు. "మూత తీస్తే దుమ్ము పడుతుంది మేడమ్, కొంచెం సేపు." నేను, రోజూ ఆ దుమ్ములో బతికేదాన్ని, బయట నిలబడ్డాను. పెద్ద సారు మాత్రం లోపలే ఉన్నాడు. కాసేపటికి ఇంజినీరు మమ్మల్ని పిలిచి, లోపల కార్డులు ఉంటాయని, వాటిని పెట్టే గాడులను స్లాట్లు అంటారని, ఒక కార్డును పక్క స్లాటులోకి మార్చానని చెప్పాడు. పక్కపక్కన ఉంటే ఒకదానికొకటి అడ్డం వస్తాయట. వరసగా లారీలు ఎక్కించి చూశాం. ఒక్కసారి కూడా ఆగలేదు. పెద్ద సారు మా మధ్యే నిలబడి తల ఊపాడు.

ఇంజినీరు రైలెక్కాడో లేదో, మళ్లీ ఆగింది.

రెండోసారి వచ్చి ఆ కార్డును చివరి స్లాటులోకి మార్చాడు. మళ్లీ మమ్మల్ని బయటికి పంపాడు, మళ్లీ అతనున్నంతసేపూ పెళ్లిపీటల మీది పిల్లలా బుద్ధిగా పనిచేసింది, పోగానే మళ్లీ ఆగింది. దాంతో పెద్ద సారు నమ్మకం రాయిలా గట్టిపడింది. ఇంజినీరు ముందు ఆగని మిషన్ చాచా ముందే ఎందుకు ఆగుతుంది? నిజం చెప్పాలంటే ఆ ప్రశ్న నాకూ వచ్చింది. ఆ రోజుల్లో మా ఇద్దరి మధ్య గిన్నెలు మారడం తగ్గింది. చాచా కూడా అప్పుడప్పుడు నా కీబోర్డు వంక తేరిపార చూస్తున్నట్టు అనిపించేది.

ఇంతలో పెద్ద సారుకు ఇంకో ఆలోచన వచ్చింది. కంప్యూటరు నైరుతి మూలలో ఉంది. కరెంటు మీద నడిచేది అగ్నికి సంబంధించింది కాబట్టి ఆగ్నేయంలో ఉండాలి, వాస్తు ప్రకారం. మనిషి తప్పని ఒక పక్క అంటూనే, దిక్కు తప్పేమోనని ఇంకో పక్క అనుమానం. కార్డుకు స్లాటు మార్చినట్టే కంప్యూటరుకు మూల మార్చాలని నిశ్చయించాడు. నలుగురు కూలీలు బల్లను ఎత్తి ఆగ్నేయ మూలకు తెచ్చారు. అక్కడ కిటికీ అడ్డం వచ్చి బల్లను గోడకు ఆనించడం కుదరలేదు. అన్నాళ్లూ గోడ వైపున్న కంప్యూటరు వీపు గదిలోకి తిరిగింది.

ఆ వీపును నేను అంతకుముందు ఎప్పుడూ సరిగ్గా చూడలేదు. తెర తీగ, కీబోర్డు తీగ, ప్రింటరు తీగ, చాచా డబ్బా నుంచి వచ్చే తీగ. ఇవి నాకు తెలుసు. వీటి పక్కన ఇంకో లావుపాటి నల్ల తీగ ఉంది. కూలీలు పొడవు చాలక దాన్ని లాగితే, టెలిఫోను తీగ పోయే కంతలోంచి సర్రున వచ్చింది. అది ఎక్కడిదని అడిగితే ఎవరికీ తెలియదు. పెద్ద సారు మాత్రం "గదేదో ఎర్తు తీగ, దాన్ని ముట్టకుండ్రి" అన్నాడు, మరీ తొందరగా.

అంత తొందరగా చెప్పే జవాబును నేను పుట్టినప్పటి నుంచి నమ్మలేదు.

ఆ వారమే కంప్యూటరు మళ్లీ ఆగింది. నేను ఇంకా ఆపి వేయనైనా లేదు, పెద్ద సారు తన గది నుంచి విసవిసా నడుచుకుంటూ వచ్చాడు. ఆయన గది ఫ్యాక్టరీకి ఆ చివర ఉంటుంది.

"మల్ల ఆగింది గదా! నేను సూశినప్పుడే ఎందుకాగుతది గిది?"

చాచా తల దించుకొని స్లిప్పు రాస్తున్నాడు. నా బుర్రలో మాత్రం ఆ ఒక్క మాట ఇరుక్కుంది. సూశినప్పుడు. ఎక్కడి నుంచి చూశాడు? ఆయన వచ్చేసరికే మిషన్ ఆగి ఉంది. ఆగిందని మేము కబురు పంపలేదు. ఆయన గదిలో కూడా ఒక కంప్యూటరు ఉందని అందరికీ తెలుసు. దాని మీద ఎప్పుడూ పూలగుడ్డ కప్పి ఉండేది. వచ్చినవాళ్లకు చూపించుకోవడానికి పెట్టుకున్నాడని మేమందరం నవ్వుకునేవాళ్లం. ఆ నల్ల తీగ ఎటు పోతోందో నాకు అప్పుడు అర్థమైంది.  పెద్ద సారు అన్నాళ్లూ తన గదిలో కూర్చొని మా తెరను చూస్తున్నాడు.

మూడోసారి ఇంజినీరు వచ్చిన రోజు పెద్ద సారు అందరి ముందే అన్నాడు. "చాచా, గిప్పుడు ఈయన మిషన్ల తప్పు లేదన్నడనుకో, నువ్వు రేపటి సంది రావొద్దు." చాచా మెడలోని గళ్ల రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

ఇంజినీరు అలవాటుగా మమ్మల్ని బయటికి పొమ్మన్నాడు. నేను కదలలేదు.

"నా ముందరనే తీయండి" అన్నాను. "లోపల కార్డులు ఎన్ని ఉన్నయో నేను కూడా చూస్త."

అతను పెద్ద సారు వంక చూశాడు. పెద్ద సారు దొంగకు తేలు కుట్టినట్టు కిటికీ వైపు తిరిగాడు. అప్పుడు నేను పెద్ద సారుతో అన్నాను. "సార్, మీరు జర మీ గదిలకు పోయి, రోజూ చూసినట్టే చూడండి. చాచా ఇక్కడ లారీ ఎక్కిస్తడు."

ఆయన మొహం ఎర్రబడింది. కాదనడానికి లేదు, చుట్టూ డ్రైవర్లున్నారు. పోయాడు. లారీ ఎక్కింది, చాచా చేతులు వెనక్కి కట్టుకొని గోడ పక్కన నిలబడ్డాడు. కొద్దిసేపటికి నా తెర బిగుసుకుపోయింది. ఇంజినీరు ఉలిక్కిపడ్డాడు. అప్పటిదాకా తను పరీక్షించినప్పుడల్లా పెద్ద సారు తన పక్కనే నిలబడి ఉన్నాడని, అందుకే ఒక్కసారి కూడా ఆగలేదని అతనికి అప్పుడు తట్టింది. నల్ల తీగ పీకి మళ్లీ చూశాం. పెద్ద సారు ఆ చివర ఎన్ని మీటలు నొక్కినా ఈ చివర బరువులు చక్కగా వచ్చాయి.

ఇంజినీరు మూత తీసి, సంచిలోంచి ఆ కార్డు పుస్తకం తీసి చదువుకున్నాడు. తర్వాత మెల్లగా చెప్పాడు.

"కార్డుకు పని పడితే లోపల ప్రాసెసర్‌ను గంట కొట్టి పిలవాలి మేడమ్. ఒక్కో కార్డుకు ఒక్కో నంబరు గంట. కాంటా కార్డుది మూడో నంబరు. నేను పెట్టిన ఈ రెండో కార్డు, సార్ గదికి పోయేది, ఇది కూడా మూడో నంబరు మీదే ఉంది. రెండూ ఒకే గంట కొడితే బరువు పిలుపు ఎవరికీ వినబడదు."

"మరి ఇన్నాళ్లు స్లాట్లు మార్చిన్రు గదా?" అన్నాను.

"ఆ గంట తీగలు అన్ని స్లాట్ల కిందా ఒకటే. ఎందులో పెట్టినా తేడా లేదు. నేనే పొరబడ్డాను." చిన్న పట్టకారుతో కార్డు మీది సూదుల నుంచి పెసరగింజంత నల్ల టోపీని లాగి, పక్క సూదుల మీద పెట్టాడు. "ఇప్పుడు ఇది ఐదో నంబరు. ఇంక గొడవ ఉండదు."

అదీ సంగతి. పెద్ద సారు అనుమానంతో చూసేవాడు, చూసినందుకే మిషన్ ఆగేది, ఆగినందుకు అనుమానం పెరిగేది, పెరిగినకొద్దీ ఇంకా చూసేవాడు. నాకు నవ్వు, కోపం ఒకేసారి వచ్చాయి. కోపమే గెలిచింది.

చాచాకు ఇదంతా ఒక్క ప్రశ్న దగ్గరికి వచ్చి ఆగింది. "గీ కార్డు ఎప్పుడు పెట్టిన్రు బేటా?" అని ఇంజినీరును అడిగాడు. దసరా తర్వాత ఒక ఆదివారమని అతను గొణిగాడు. మాకు సెలవున్న రోజు.

పెద్ద సారు తిరిగి వచ్చాడు. తప్పు మిషన్‌దే అని ఒప్పుకున్నాడు, అందరి ముందే. అంతవరకు ఆయన్ని మెచ్చుకోవాలి. కాని ఆ రెండో కార్డు తీసేయమని అనలేదు. గొడవ లేకుండా పని చేస్తుందిగా, ఉండనీ అన్నాడు. చాచా భుజం మీద చెయ్యి వేసి, "ఫికర్ వద్దు చాచా, పని చేస్కో" అన్నాడు.

ఆ సాయంత్రం గేటు బయట చాయ్ దగ్గర చాచా నాతో అన్నాడు. "బిడ్డా, నీ మీద నజర్ పెట్టుమని నాకు చెప్పిండు పటేల్ సాబ్."

"నాకు మీ మీద పెట్టుమన్నడు" అన్నాను.

"పెట్టినవా?"

"పెట్టిన."

"నేను గూడ పెట్టిన" అన్నాడు. చాయ్ ఒక గుక్క తాగాడు. తర్వాత, "రేపటి సంది నేను రాను" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. తప్పు లేదని తేలింది కదా, ఇప్పుడెందుకు పోవడం?

"తేలకముందే పోతే దొంగ పోయిండంటరు. అందుకే గిన్ని దినాలు పండ్లు కొరుక్కొని ఆగిన. ఇప్పుడు పోవచ్చు. ఇంకో కాంటా దొరుకుతది." కప్పు కింద పెట్టాడు. "నేను లారీ చుట్టు తిరుగుతుంటి గదా, డ్రైవర్ కండ్ల ముందరనే తిరుగుతుంటి. ఎనక నుంచి ఎన్నడు సూడలే."

నేను ఉండమని బతిమాలాను. వినలేదు. మర్నాడు ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. నాకు ఏడుపొచ్చింది, ఎవరూ చూడకుండా ఏడవడానికి కూడా ఆ గదిలో చోటు లేదని కోపమొచ్చింది. చాచా రాలేదని తెలిసి పెద్ద సారు వచ్చి ఖాళీ కుర్చీని చూసి తల ఊపాడు.

"సూశినవా అమ్మా? తప్పు లేనోడు ఎందుకు పోతడు?"

నేను ప్రింటరులో కాగితం సర్దాను. ఏం జవాబు చెప్పినా అందులో ఆయన ఇంకేదో వెతుక్కుంటాడు. నాకు ఉద్యోగం కావాలి, అందుకే నేను ఉండిపోయాను. కంప్యూటరు ఆ తర్వాత ఎన్నడూ ఆగలేదు. ఆగితే ఆయన చూస్తున్నాడని తెలిసేది, ఇప్పుడు ఆ గుర్తు కూడా లేకుండా పోయింది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వీపు నిటారుగా పెట్టుకొని కూర్చునేదాన్ని, ఆయన ఊళ్లో లేని రోజుల్లో కూడా.

కొన్నాళ్లకు చాచా చోట్లోకి కొత్త మనిషి వచ్చాడు. మర్పల్లి అతను, నా వయసే ఉంటుంది. అతను రాకముందే పెద్ద సారు నన్ను పిలిచి, తలుపు దగ్గరికి వేయించి, చెప్పాల్సింది చెప్పాడు. కొత్త మనిషికి నా గురించి ఏం చెప్పి ఉంటాడో నేను ఊహించుకోగలను. అందుకని మొదటి రోజు పొద్దున్నే, అతను ఇంకా కూర్చోకముందే అన్నాను.

"అన్నా, గీ కంప్యూటర్ల రెండు కార్డులున్నయి. ఒకటి మీ డబ్బాకు. ఇంకోటి పెద్ద సారు గదికి. మనం ఇక్కడ చేసేదంతా ఆయనకు అక్కడ కనబడుతది. మీకు ఎవ్వరు చెప్పరు, అందుకే చెప్తున్న."

అతను కంప్యూటరు వంక ఒక్కసారి కూడా చూడలేదు. నన్నే చూస్తూ నిలబడ్డాడు. ఈ మనిషి నాకు ఇది ఎందుకు చెబుతోంది, దీని వెనక ఏముంది అని లెక్క వేసుకుంటున్న చూపు అది. ఆ చూపు నాకు బాగా తెలుసు, పుట్టినప్పటి నుంచి నాదే. తర్వాత తన కుర్చీని జరుపుకొని, నా చేతులు కనబడేలా వేసుకొని కూర్చున్నాడు.